చలపతిరావు గారి కుర్చీకి బేస్ అందలేదు

మోకాళ్ల పని

నా చెవులు ఇంకా బాగానే ఉన్నాయి. మోకాళ్లే మొరాయించాయి. అందుకే పని మానేశాను. ఇళ్లలో హోమ్ థియేటర్లు బిగించేవాడికి మోకాళ్లతో ఏం పని అని మీకు అనిపించవచ్చు. ఈ పనిలోకి కొత్తగా వచ్చే కుర్రాళ్లకీ మొదట్లో అలాగే అనిపిస్తుంది. సోఫాల కింద నుంచి వైర్లు లాగాలి, బరువైన పెట్టెలు గోడవారగా జరపాలి, నేల మీద పాకుతూ చెవి పెట్టి వినాలి. ఆ పాకే పని ఒప్పుకోనివాడు ఈ లైన్లోకి రాకపోవడమే మంచిది. షోరూమ్‌లో నిలబడి అమ్ముకోవచ్చు.

నా పేరు మస్తాన్. ఐటీఐలో రేడియో, టీవీ పని చదివాను. శబ్దం అంటే ఏమిటో మాత్రం నందిగామలో ఒక సినిమా హాలులో నేర్చుకున్నాను. ఆ తర్వాత జగ్గయ్యపేటలో షాపు పెట్టి రెండు ఊళ్లలోనూ, మధ్యలో హైవే మీద ఉన్న ఊళ్లలోనూ పనిచేశాను. ఇప్పుడు నా షాపులో సెల్ ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. అయినా ఫోన్లు మాత్రం ఆగలేదు. "పెద్ద గది కట్టించాం, ఏ సబ్ వూఫర్ తీసుకోమంటారు?" అని అడుగుతూనే ఉంటారు. అందుకే ఆ ఒక్క సంగతి గురించి నాకు తెలిసింది రాస్తున్నాను.

సబ్ వూఫర్ అంటే ఉరుము, డప్పు, గోడ కూలిన చప్పుడు లాంటి అడుగు శబ్దాలను పలికించే పెద్ద పెట్టె. ఆ శబ్దాన్నే అందరూ బేస్ అంటారు. మాటలు, పాటలు మిగతా స్పీకర్లు చూసుకుంటాయి. బేస్ సరిగ్గా ఉంటే అది ఉన్నట్టే తెలియదు, సినిమా బాగుందంటారు. సరిగ్గా లేకపోతే బిగించినవాణ్ణి తిడతారు. తిట్లు నాకు కొత్త కాదు గానీ, ఒక ఇంట్లో మాత్రం ఆ తిట్లు నేను కాకుండా ఇంకొకడు తిన్నాడు. ఆ ఇంటి సంగతి చివర్లో చెబుతాను.

కోటయ్య గారు

హాలులో నా పై ఆపరేటరు కోటయ్య గారు. మహా కోపిష్టి. టీలో పంచదార తక్కువైనా, రీలు ఆలస్యంగా వచ్చినా ఒకే రకంగా కేకలు వేసేవారు. కొత్త బొమ్మ పడే రోజు మ్యాట్నీకి ముందు ఖాళీ హాలులో కాసేపు రీలు తిప్పి, నన్ను నేల టిక్కెట్టు నుంచి బాల్కనీ దాకా ఒక్కో చోట కూర్చుని రమ్మనేవారు. మొదటిసారి నేను బద్ధకించి గోడవారగా నిలబడి, అంతా బాగానే ఉందని చెప్పాను.

"నిలబడి సినిమా చూసేది గేటు కాడ వాచ్‌మెన్ ఒక్కడేరా. టిక్కెట్టు కొన్నోడు యాడ కూచుంటాడో ఆడ కూచుని చెప్పు," అన్నారు.

వెళ్లి కూర్చున్నాను. మూడో వరసలో ఒక పక్క మాటలు గొణిగినట్టు వస్తున్నాయి. పక్క కుర్చీలోకి మారితే బాగానే ఉంది. ఒకే గదిలో, ఒకే యంత్రం కింద, పక్కపక్క కుర్చీల్లో రెండు రకాల శబ్దం ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. కోటయ్య గారు నాకు నేర్పినవాటిలో సగం ఈ రోజుల్లో పనికిరావు. రీళ్లే లేవు. ఆ కూర్చుని వినడం మాత్రం పనిచేసినన్నాళ్లూ వదల్లేదు.

ముందు గది, తర్వాత పెట్టె

మన వైపు బేస్ అనగానే అందరికీ గుర్తొచ్చేది ఊరేగింపులో డీజే బండి. గుండెల మీద గుద్దినట్టు ఉంటే అదే మంచి సౌండ్ అనుకుంటారు. నాకు ఆ బండ్లంటే ఒళ్లు మంట. బయట రోడ్డు మీద గోడలు ఉండవు కాబట్టి వాడు అంత మోత పెట్టాల్సి వస్తుంది. అదే మోత గదిలో పెడితే అద్దాలూ, బీరువా తలుపులూ, ఫాల్స్ సీలింగూ కలిసి కచేరీ చేస్తాయి. సినిమా మాత్రం వినపడదు.

పెద్ద గదికి పెట్టె ఎంచేటప్పుడు ముందు టేపు పట్టుకుని గది కొలవండి. పొడవు, వెడల్పుతో పాటు ఎత్తు కూడా. మెట్లదారి తలుపు లేకుండా తెరిచి ఉంటే ఆ మెట్లదారీ గదిలో భాగమే. నందిగామలో ఒక వకీలు గారు హాలు ఒక్కటే కొలిచి, దానికి సరిపోయే పెట్టె తెచ్చుకున్నారు. హాలు పై అంతస్తు దాకా తెరిచే ఉంది. కింద సోఫాలో చప్పగా ఉన్న బేస్, పైన పడుకున్న వాళ్ల నాన్నగారి మంచం దగ్గర బాగా వినపడింది. పెద్దాయన రోజూ మధ్యాహ్నం నిద్ర చెడి కేకలు వేసేవాడు. చివరికి మెట్ల మొదట్లో తలుపు పెట్టించుకున్నారు.

పడకగది అంత గదికి పది అంగుళాల పెట్టె చాలు. కల్యాణమండపం అంత గది కట్టుకున్నవాళ్లకి పన్నెండో, పదిహేనో కావాలి. నన్నడిగితే ఒక పెద్దదానికన్నా మధ్యరకంవి రెండు మేలు. మూసిన పెట్టె ముక్కుసూటిగా పలుకుతుంది. గొట్టం ఉన్న పెట్టె ఎక్కువ గాలిని తోస్తుంది, పెద్ద గదిలో అది అక్కరకొస్తుంది. అట్టపెట్టె మీద వేసిన వాట్ల అంకెలు చూసి మురిసిపోకండి. అవి పెళ్లి చూపుల్లో చెప్పే జీతంలాంటివి. షోరూమ్‌లో విని కొనడమూ దండగే. షోరూమ్ చిన్నది, దాని గోడలు వేరు. పెట్టె ఒకటే అయినా మీ గదిలో అది వేరే పెట్టె.

ఇక వాస్తు. దీని గురించి చాలామంది టెక్నీషియన్లు విసుక్కుంటారు. నేను విసుక్కోలేదు. ఈశాన్యంలో బరువు పెట్టొద్దని ఇంటివాళ్లు అంటే పెట్టను. వాళ్ల ఇంట్లో వాళ్లు భయంతో కూర్చుంటే నేను ఎంత మంచి బేస్ ఇచ్చి ఏం లాభం? మిగతా మూడు మూలలూ నాలుగు గోడలూ ఉన్నాయి కదా, అక్కడ వెతుక్కుంటాను. అయితే వాస్తు చూసిన సిద్ధాంతి ఎప్పుడూ కుర్చీలో కూర్చుని వినడు. ఆ పని మనదే.

చలపతిరావు గారి ఇల్లు

చలపతిరావు గారి సొంతూరు చిల్లకల్లు. మిర్చి వ్యాపారం. జగ్గయ్యపేటలో కొత్త ఇల్లు కట్టి, మేడ మీద ఒక గది మొత్తం థియేటర్ కోసమే వదిలారు. తూర్పు గోడకు తెర. గదికి సరిగ్గా నట్టనడుమ, చిన్న అరుగులాంటి చెక్క వేదిక మీద బోల్టులతో బిగించిన పెద్ద వాలు కుర్చీ. అది ఆయనది. దాని మీద ఎప్పుడూ ఒక తెల్ల తువ్వాలు పరిచి ఉంటుంది. భార్య అనసూయ గారు, కూతురు, వచ్చినవాళ్లు అందరూ వెనక వరసలోనూ పక్కల సోఫాల్లోనూ కూర్చుంటారు. ఆ కుర్చీలో ఎవరూ కూర్చోకూడదని ఆయన ఎన్నడూ అనలేదు. అనాల్సిన అవసరమే రాలేదు.

సామానంతా ఇచ్చింది అనసూయ గారి తమ్ముడు రమేష్. నందిగామలో ఎలక్ట్రానిక్స్ షాపు ఉంది. పన్నెండు అంగుళాల సబ్ వూఫర్ తెచ్చి, వాస్తు ప్రకారం బరువు నైరుతి మూలన పెట్టాడు. బావగారు కుర్చీలో కూర్చుని బేస్ రావట్లేదన్నారు. రమేష్ దాన్ని వెనక్కి తీసుకుని పదిహేను అంగుళాలది తెచ్చాడు. అప్పుడూ రావట్లేదన్నారు. శ్రావణంలో గృహప్రవేశం జరిగింది. చుట్టాలందర్నీ మేడ మీదికి పిలిచి సినిమా వేశారు. "అబ్బ, ఇల్లు ఊగిపోతంది చలపతీ!" అని అందరూ ఒకటే మెచ్చుకోళ్లు. ఆయన కుర్చీలో మాత్రం ఏమీ లేదు. అందరూ తన మొహం చూసి మర్యాదకు అబద్ధం ఆడుతున్నారని ఆయనకు అనిపించింది. కిందికొచ్చి, పంక్తిలో భోజనాలు జరుగుతుండగా నలుగురి ముందూ అనేశారు, సొంత బావమరిదే తనకు పాడైన సరుకు అంటగట్టాడని.

రమేష్ విస్తరి ముందు నుంచి లేచి వెళ్లిపోయాడు. మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు.

సంక్రాంతి ముందు అనసూయ గారు నాకు ఫోన్ చేసి, పెట్టె చూసి పొమ్మన్నారు. వెళ్లాను. మెట్లెక్కుతుంటే ఆవిడ ఆపి, గొంతు తగ్గించి అన్నారు. "పెట్టె సంగతి అట్టా ఉంచండి మస్తాన్ గారూ. మాఘంలో మా పాప ఓణీల ఫంక్షన్ పెట్టుకున్నాం. ఓణీ తెచ్చి పీటల మీద కూచోబెట్టాల్సింది మేనమామ. నాకున్నది ఒక్కడే తమ్ముడు. ఈయన పిలవనంటారు. వాడు పిలవకపోతే రానంటాడు. ఆ పెట్టె బాగుపడితే ఈళ్లు బాగుపడతారేమోనని మిమ్మల్ని పిలిచా."

చుట్టాలను కలపడం మన పనిలో లేదని చెప్పి ఉండవచ్చు. ఆవిడ మొహం చూస్తే చెప్పబుద్ధి కాలేదు.

పైన చలపతిరావు గారు కుర్చీలోనే ఉన్నారు. ఉరుములున్న సీను పెట్టించి గది చుట్టూ తిరిగాను. తలుపు దగ్గర గుండె అదిరింది. వెనక సోఫాలో కాళ్ల కింద నేల వణికింది. పెట్టె నిక్షేపంలా ఉంది. ఆ మాటే చెప్పాను.

"అయితే మీరూ వాడి పార్టీయేనన్నమాట," అన్నారాయన.

"కాసేపు లేస్తారా అండీ, నేనక్కడ కూచుంటాను," అన్నాను.

గుమ్మంలో ఉన్న అనసూయ గారు ఉలిక్కిపడ్డారు. ఆయన నా వంక ఒక చూపు చూశారు. నాకూ మొహమాటం వేసింది. అయినా కదల్లేదు. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని లేచారు. నేను కూర్చున్నాను. ఉరుము మళ్లీ వేయించాను. తెర మీద మెరుపు కనపడింది, కింద అప్పడం విరిగినంత చప్పుడు కూడా రాలేదు. పాపం, ఆయన చెప్పిందంతా నిజం.

గదిలో బేస్ గోడకూ గోడకూ మధ్య అటూ ఇటూ కొట్టుకుంటుంది. గోడల దగ్గర, మూలల్లో పోగుపడుతుంది. సరిగ్గా నట్టనడుమ కొన్ని శబ్దాలు ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. పెట్టె మూలన ఉన్నంతకాలం, అది పెద్దదయ్యేకొద్దీ గోడల దగ్గర మోత పెరుగుతుందే తప్ప నడుమ కుర్చీలో ఏమీ మారదు. ఇదే ఆయనకు చెప్పి, కుర్చీని రెండు మూడు అడుగులు వెనక్కి జరిపితే సగం బాగుపడుతుందన్నాను.

"జరిపేది లేదు. మజ్జెలో కూచోవాలనే గది అంత పెద్దది కట్టించా," అన్నారు. తువ్వాలు భుజాన సర్దుకుని, "షాపు పెట్టుకున్నోడికి ఈ ముక్క తెలవదా? తెలిసీ చెప్పలేదంటే మోసమేగా?" అన్నారు.

సామాను సంగతి అక్కడే తేలిపోయింది. ఒక్క పూటలో నేనే సర్ది వెళ్లిపోవచ్చు. కానీ నేను ఒంటరిగా బాగుచేస్తే, బావమరిది పాడుచేసింది మస్తాన్ బాగుచేశాడనే మాట మిగులుతుంది. అది ఆ తల్లికి ఏం పనికొస్తుంది? అందుకని ఉన్న మాటే కాస్త గట్టిగా చెప్పాను. గదికి రెండో పెట్టె కావాలి, అది ఇప్పుడున్నదానికి సరిజోడు అయి ఉండాలి, అలాంటిది రమేష్ షాపులోనే దొరుకుతుంది, బిగించడానికి నాకు మోకాళ్లున్న మనిషి కూడా కావాలి.

"మీ ఇష్టం. నేను మాత్రం పిలవను," అన్నారు చలపతిరావు గారు. వద్దని మాత్రం అనలేదు.

నందిగామ షాపులో

మర్నాడు బస్సెక్కి నందిగామ వెళ్లాను. రమేష్ నాకు టీ తెప్పించాడు గానీ, బావ పేరు ఎత్తగానే కప్పు కింద పెట్టేశాడు.

"పంక్తిలో నన్ను దొంగన్నాడు మస్తాన్ గారూ. మా ఆవిడ ముందు, మా అత్తగారోళ్ల ముందు. రెండు పీసులు మార్చా. రెండూ ఇల్లు అదరగొట్టాయి. ఆయనకొక్కడికే ఇనపడకపోతే నేనేం చెయ్యాల?"

"నువ్వు ఎక్కడుండి విన్నావు?"

"తలుపు కాడ. ఎనక సోఫాలో కూడా కూచున్నా."

"ఆ మధ్య కుర్చీలో?"

రమేష్ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. "బావ కుర్చీలో నేనెట్టా కూచుంటానండీ?"

ఇలాంటి పొరపాటు చదువురాక జరిగేది కాదు. రమేష్‌కి పని బాగా వచ్చు. కొత్త సామాను సంగతులు నాకన్నా ఎక్కువే తెలుసు. పెద్దవాళ్ల కుర్చీలో కూర్చోకూడదని పెరిగినవాడు, అంతే. ఆ ఇంట్లో భార్య కూర్చోలేదు, కూతురు కూర్చోలేదు, చుట్టాలు కూర్చోలేదు. ఆయన వింటున్నది ఏమిటో ఆయనకు తప్ప ఎవరికీ తెలిసే వీల్లేకుండా పోయింది. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లు ఇది మాత్రం గుర్తుంచుకోండి. ఇంటి పెద్దను లేపి ఆయన చోట కూర్చోవడానికి సిగ్గుపడితే మన పని జరగదు.

నేను అదేమీ వివరించలేదు. "ఇప్పుడక్కడున్న పీసుకు జోడు ఇంకొకటి కారులో వేసుకుని రా. మీ బావ కోసం వద్దు, పాప కోసం రా. వచ్చి ఆ కుర్చీలో ఒక్కసారి కూర్చో. ఆ తర్వాత కూడా తప్పు ఆయనదే అంటే నేనే నీ తరఫున మాట్లాడతా," అన్నాను. చాలాసేపు కౌంటరు మీద వేళ్లతో దరువేశాడు. చివరికి కారు తాళాలు తీసుకున్నాడు.

ఇద్దరూ నేల మీద

రమేష్ మెట్లెక్కి వచ్చాడు. బావగారు గోడకేసి చూస్తూ నిలబడ్డారు. నేను కుర్చీ చూపించాను. రమేష్ అంచు మీద, లేవడానికి సిద్ధంగా ఉన్నట్టు కూర్చున్నాడు. ఉరుము వేశాను.

"పెట్టె ఆన్‌లోనే ఉందా?" అన్నాడు. లేచి వెళ్లి మూలన పెట్టె మీద చెయ్యి పెట్టి చూశాడు. అది గజగజ వణుకుతోంది. మళ్లీ వచ్చి, ఈసారి వెనక్కి ఆనుకుని కూర్చున్నాడు. మళ్లీ వేశాను. మొహం పాలిపోయింది.

"బావా, నిజంగానే రావట్లా."

"నేను మొత్తుకుంది అదేగదరా!" చలపతిరావు గారి గొంతు కీచుమంది. నెలల తరబడి అందరూ తనను చెవిటివాణ్ణి చేసి మాట్లాడుతుంటే లోపల ఎంత కుమిలిపోయారో అప్పుడు తెలిసింది.

"ఒక్కసారి నన్నిక్కడ కూచోబెడితే పొయ్యేదిగా బావా."

"నువ్వు కూచోబోతే నేనొద్దన్నానా?"

రమేష్ కుర్చీలోంచి లేచి పక్కకు జరిగాడు.

ఇలాంటప్పుడు పని అందుకోవడమే మంచిది. పెట్టెకు చోటు వెతికే పద్ధతి ఒకటుంది. పెట్టెను తెచ్చి వినేవాడి కుర్చీలోనే పెట్టి మోగించాలి. మనం గోడవారగా పాకుతూ, ఎక్కడ బేస్ బాగా వినపడుతుందో చూడాలి. అక్కడికి పెట్టెను మారిస్తే కుర్చీలో కూడా అలాగే వినపడుతుంది. పెట్టెను బావ కుర్చీ మీద పెట్టడానికి రమేష్ జంకాడు. చలపతిరావు గారే తువ్వాలు తీసి పక్కన పడేసి, రెండో వైపు చెయ్యేసి పట్టారు. ఇద్దరూ కలిసి దాన్ని ఎత్తారు.

"ఇక పాకండి. నా మోకాళ్లు ఒప్పుకోవు," అన్నాను.

"నేనా?" అన్నారు చలపతిరావు గారు.

"వినేది మీరేగా అండీ."

ఆయన పంచె పైకి దోపుకుని నేల మీదికి దిగారు. రమేష్ ఒక గోడ, ఆయన రెండో గోడ. నిలబడి వింటే లాభం లేదు, తల పెట్టె ఎత్తులో ఉండాలి. చేతులూ మోకాళ్ల మీద పాకుతూ, ఆగుతూ, తలలు వాల్చి వింటూ పోతున్నారు. గుమ్మంలో అనసూయ గారు చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పాప ఆపుకోలేక పకపకా నవ్వింది. మూలల్లో శబ్దం బండగా ఉంది, పక్క గోడల వెంట చప్పగా ఉంది. ఇద్దరూ చెరో వైపు నుంచి తెర కిందికి, తూర్పు గోడ మధ్యకు వచ్చి తల ఎత్తేసరికి మొహమూ మొహమూ ఎదురుపడ్డాయి.

"ఇక్కడ బాగా కొడతంది బావా."

"నాక్కూడా ఇక్కడేరా."

ఉన్న పెట్టెను తెర కింద పెట్టాం. కొత్తదాన్ని ఎదురుగా పడమటి గోడ మధ్యలో పెట్టాం. మూలలకు దూరం కాబట్టి వాస్తు తగాదా కూడా లేదు. పెట్టెల కింద రబ్బరు దిమ్మలు వేసి, రెండింటినీ సర్దేసరికి మధ్యాహ్నమైంది. చలపతిరావు గారు కుర్చీలో కూర్చున్నారు. ఉరుము వేశాను. ఆయన కళ్లు మూసుకున్నారు. మళ్లీ వేయమన్నట్టు వేలు ఎత్తారు. మళ్లీ వేశాను.

"ఇప్పుడొచ్చింది," అన్నారు.

ఆయన తప్పయిందని చెబుతారేమోనని నేను చూశాను. చెప్పలేదు. మా వైపు బావలు బావమరుదులకు ఆ మాట చెప్పగా నేను వినలేదు. లేచి మెట్ల వైపు నడుస్తూ, వెనక్కి తిరగకుండానే, "రమేషూ, అన్నం తిందాం దా," అన్నారు.

కింద ముగ్గురమూ బల్ల దగ్గర కూర్చున్నాం. అనసూయ గారు వడ్డిస్తున్నారు. పప్పు వేశారు, కూర వేశారు. అడగాల్సిన మాట ఆవిడ నోటి దాకా వస్తోంది, ఆగిపోతోంది. చివరికి తమ్ముడి వెనక నిలబడి అన్నారు.

"ఒరే, మాఘంలో పాప ఫంక్షన్. మరి ఓణీ..."

రమేష్ పళ్లెంలోంచి తల ఎత్తలేదు.

"దసరాకే కొన్నానక్కా. మీ మరదలు బీరువాలో పెట్టింది."

గొడవ జరిగింది శ్రావణంలో. దసరా ఆ తర్వాత వచ్చింది. అనసూయ గారు గరిటె అక్కడే పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయారు. చలపతిరావు గారు కలిపిన ముద్ద పళ్లెంలో వదిలేసి, ఎడమ చేత్తో పెరుగు గిన్నె దగ్గరికి లాక్కుని, బావమరిది పళ్లెంలో తనే వడ్డించారు.